ఎముకలను కనిపెట్టుకుని ఉండడం ఎలా?

వంటింటి పై అరలో ఇరవై ఏళ్లుగా చేతికి అందుతూ వచ్చిన డబ్బా ఈ మధ్య అందడం లేదని మా అమ్మ ఒకరోజు మాటవరసకు అన్నది. అర జరగలేదు, డబ్బా మారలేదు. మారింది అమ్మ ఎత్తు. గోడకు ఆనించి నిలబెట్టి కొలిస్తే వయసులో ఉన్నప్పటి కొలత కంటే 5 సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. ఎక్స్‌రే తీయిస్తే వీపు మధ్యభాగంలో రెండు వెన్నుపూసలు ముందువైపు నొక్కుకుపోయి, వెనుక ఎత్తుగా, ముందు పల్లంగా తయారై కనిపించాయి. అవి ఎప్పుడు విరిగాయో ఆమెకు తెలియదు. పడిన జ్ఞాపకం లేదు, నడుము పట్టేసి మంచాన పడిన జ్ఞాపకమూ లేదు. ఇది అరుదైన సంగతేమీ కాదు. విరిగిన వెన్నుపూసల్లో దాదాపు మూడింట రెండు వంతులు వైద్యుడి దృష్టికి రాకుండానే ఉండిపోతాయి.

పన్ను పుచ్చితే సలుపుతుంది, కడుపు చెడితే ఆ పూటే తెలుస్తుంది. ఎముక మాత్రం గుల్లబారుతున్నంత కాలం నోరు విప్పదు. కాబట్టి దాని యోగక్షేమాలు మనమే అడిగి తెలుసుకుంటూ ఉండాలి. ఎలా అడగాలి, ఏ జవాబు వస్తే వెంటనే పరుగెత్తాలి, ఏది వస్తే నింపాదిగా ఉండవచ్చు అనే విషయాలే ఇక్కడ చెప్పబోతున్నాను. మందు, మోతాదు నిర్ణయించవలసింది మాత్రం మనిషిని చూసి పరీక్షించిన వైద్యులే.

ఎముక రాయి కాదు

పెద్దవారి అస్థిపంజరంలో 206 ఎముకలు ఉంటాయని అందరమూ బడిలో చదువుకున్నదే. పుట్టినప్పుడు అవి దాదాపు 300 ఉంటాయి. ఎదిగే కొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. 206లో పుర్రె, వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక కలిసి మధ్య స్తంభంగా నిలిచేవి 80; కాళ్లూ చేతులూ, వాటిని మొండేనికి తగిలించే భుజం, కటి ఎముకలు కలిపి 126. రెండు చేతుల్లో మణికట్టు నుంచి వేళ్ల కొసల వరకు 54, రెండు పాదాల్లో 52 ఉన్నాయంటే, మొత్తంలో సగానికి పైగా ఎముకలు పట్టుకోవడానికి, అడుగు వేయడానికే కేటాయింపు అయ్యాయన్నమాట.

అయితే కాపాడుకోవలసిన వారికి లెక్క కంటే దినుసు ముఖ్యం. పిల్లలున్న ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేసి చూపించవచ్చు. శుభ్రం చేసిన సన్నని కోడి కాలి ఎముకను వెనిగర్‌లో ముంచి, మధ్యమధ్య వెనిగర్ మారుస్తూ వారం రోజులు ఉంచితే అందులోని ఖనిజం కరిగిపోయి, ఎముక రబ్బరు ముక్కలా వంగుతుంది. అలాంటిదే మరొక ఎముకను బాగా కాల్చితే కొల్లాజెన్ అనే మాంసకృత్తు మాడిపోయి, చూపుకు ఎముకలాగే ఉన్నా వేలితో నొక్కగానే పెళుసుగా విరిగి పొడి అవుతుంది. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫరస్‌లతో ఏర్పడిన ఖనిజం, మిగిలిన దానిలో అధిక భాగం కొల్లాజెన్. గట్టిదనం మొదటి దానిది, విరగకుండా సాగే గుణం రెండో దానిది. ఖనిజం చాలక మెత్తబడిన ఎముక పిల్లల్లో రికెట్స్ అవుతుంది, పెద్దల్లో ఆస్టియోమలేసియా అవుతుంది. రెండు దినుసులూ పాళ్లు తప్పకుండానే మొత్తంగా తరిగిపోతే అది ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. ఈ రెంటినీ కలిపేసి ‘కాల్షియం తక్కువైంది’ అని ఒకే మాటతో తేల్చేయడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

ఎముకలో నిత్యం మరమ్మతు పని నడుస్తూ ఉంటుంది. ఒక రకం కణాలు పాత ఎముకను తవ్వి తీస్తాయి, మరొక రకం కణాలు ఆ గుంతను కొత్త ఎముకతో పూడుస్తాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా దాదాపు 10 శాతం ఇలా కొత్తదవుతుంది. తవ్వడం కొన్ని వారాల్లో ముగిస్తే పూడ్చడానికి కొన్ని నెలలు పడుతుంది. అందువల్ల ఏ కారణం చేతనైనా తవ్వకం జోరందుకున్నదంటే పూడిక వెనుకబడుతుంది. బహిష్టులు ఆగిన తర్వాతి కొన్ని ఏళ్లలో స్త్రీల ఎముకలు వేగంగా పలుచబడడానికి కారణం ఇదే: తవ్వే కణాలకు పగ్గం వేసి ఉంచే ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది.

ఏ ఎముకను ఎంత బలంగా కట్టాలో ఆ కణాలకు చెప్పేది దాని మీద పడే భారమే. జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ఈ సూత్రాన్ని గ్రంథస్థం చేశాడు. టెన్నిస్ క్రీడాకారుల్లో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. భారమే లేని అంతరిక్షంలో, వ్యాయామం లేకుండా గడిపితే, తుంటి భాగంలో నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక తరిగిపోతుంది. నెలల తరబడి మంచం పట్టిన రోగికీ ఇదే పరిస్థితి.

ఇక్కడ ఒక్క మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. రక్తంలో ఉండేది అతి స్వల్పం. గుండె, కండరాలు, నరాలు ఆ స్వల్పం మీదే ఆధారపడ్డాయి కనుక అది తగ్గబోతే పారాథైరాయిడ్ హార్మోన్ వెంటనే ఎముకల్లోంచి తీసి రక్తంలోకి పంపుతుంది. కాబట్టి రక్తపరీక్షలో కాల్షియం సరిగ్గా ఉందని వస్తే, దాని అర్థం ఎముకలు బాగున్నాయని కాదు. ఖజానా ఖాళీ అవుతున్నా చేతి ఖర్చుకు లోటు కనిపించకపోవచ్చు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు

50 దాటిన ప్రతివారూ ఏడాదికోసారి ఎత్తు కొలుచుకోవాలి. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నొక్కుకుని మనిషి ఒక సెంటీమీటరు వరకు తగ్గుతాడు కనుక ఎప్పుడు కొలిచినా ఉదయమే కొలవడం మంచిది. చెప్పులు విప్పి, మడమలు గోడకు తగిలేలా నిలబడి, చూపు నేరుగా ఉంచి, తల మీద గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి, దాని అడుగు అంచు దగ్గర పెన్సిలుతో గీత గీయించుకోవాలి. గీత పక్కన తేదీ రాయాలి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గినా, నిరుటి గీతకూ ఈ ఏటి గీతకూ మధ్య 2 సెంటీమీటర్ల తేడా వచ్చినా వెన్నెముకకు ఎక్స్‌రే తీయించమని అడగండి.

అదే గోడ దగ్గర మరొకటి. మడమలు, పిరుదులు గోడకు ఆనించి, గడ్డం ఎత్తకుండా నేరుగా చూసినప్పుడు తల వెనుక భాగం గోడకు తగలాలి. ఎంత ప్రయత్నించినా మధ్యలో ఖాళీ మిగిలితే పై వీపు వంగినట్లే. ఆ వంపు వెనుక విరిగిన పూస ఉండే అవకాశం ఉంది. తరువాత పక్కన నిలబడిన వారు, చివరి పక్కటెముకకూ నడుము పక్కన తగిలే కటి ఎముకకూ మధ్య వేళ్లు పెట్టి చూడాలి. రెండు వేళ్ల మందం కూడా పట్టకపోతే నడుము పూసలు కుంగాయేమోనని అనుమానించాలి.

మూడోది ఎముకకు కాదు, దాన్ని మోసే కండకు పరీక్ష. చేతులు రొమ్ము మీద కట్టుకుని, చేతుల్లేని కుర్చీలోంచి వరుసగా 5 సార్లు పూర్తిగా లేచి కూర్చోవాలి. 15 సెకన్లకు మించి పడితే తొడల బలం తగ్గిందని అర్థం. తొడ బలం తగ్గినవారు పడిపోతారు, పడినవారి ఎముకే విరుగుతుంది. లేవడమే కష్టమై, దానికి తోడు ఒళ్లంతా ఎముకల్లోంచి వచ్చే నొప్పి, బాతు నడక లాంటి ఊగులాట ఉంటే అది విటమిన్ డి లోపం వల్ల వచ్చిన ఆస్టియోమలేసియా కావచ్చు. దీన్ని వయసు నొప్పులని ఏళ్ల తరబడి భరించేవారు ఉన్నారు. సరైన మందు పడితే కొన్ని నెలల్లోనే మనిషి తేరుకుంటాడు.

ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా 10 నుంచి 15 ఏళ్ల వారికి, చొక్కా విప్పి, పాదాలు కలిపి, చేతులు వేలాడేసి ముందుకు వంగమని చెప్పి వెనుక నుంచి చూడాలి. వీపులో ఒక పక్క రెండో పక్క కంటే ఎత్తుగా ఉబ్బితే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకు వంగి మెలితిరగడం, ఉన్నదేమో పరీక్ష చేయించాలి. ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు దాటితేనే దానికి ఆ పేరు పెడతారు. ఇంకా ఎదిగే వయసుండి 25 డిగ్రీలు దాటితే, వంపు పెరగకుండా పట్టి ఉంచే బ్రేస్‌ను నడుముకు వేస్తారు. ఎదుగుదల ఆగాక బ్రేస్ వల్ల ప్రయోజనం ఉండదు కనుక ఇందులో ఆలస్యమే అసలు నష్టం. పుస్తకాల సంచి బరువు వల్ల స్కోలియోసిస్ వస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

నడక నేర్చిన పసివాళ్ల కాళ్లు దొడ్డిగా ఉన్నాయని కంగారు పడనక్కర్లేదు. రెండేళ్ల వరకు దొడ్డికాళ్లు, మూడు నాలుగేళ్లకు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోవడం, ఏడేళ్లకు చక్కబడడం సహజ క్రమం. వంపు ఒక్క కాలికే ఉంటేనో, రోజురోజుకూ పెరుగుతుంటేనో, మణికట్లు ఉబ్బి ఉంటేనో రికెట్స్ సంగతి చూడాలి.

ముడిసరుకు

పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 50 దాటిన స్త్రీలకు, 70 దాటిన పురుషులకు 1200. పావు లీటరు పాలలో సుమారు 300 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆకుకూరల్లో కూడా ఉంటుంది కానీ పాలకూర విషయంలో కాగితం మీది అంకె మోసం చేస్తుంది: అందులోని ఆక్జలేట్ కాల్షియాన్ని పట్టేసుకుని పేగులోకి ఇంకనివ్వదు. తిండితో సరిపోతున్నవారికి మాత్ర అక్కర్లేదు. అవసరం లేని మాత్రలు మూత్రపిండాల్లో రాళ్లకు దారితీయవచ్చు.

మాత్ర వేసుకునేవారు సీసా మీది అక్షరాలు జాగ్రత్తగా చదవాలి. 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌లో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. శరీరం ఒక విడతకు సుమారు 500 మించి సరిగా పీల్చుకోలేదు కనుక ఎక్కువ కావలసినవారు రెండు పూటలకు పంచుకోవాలి. కార్బనేట్ రకాన్ని భోజనంతోనే వేసుకోవాలి. సిట్రేట్ రకానికి ఆ నియమం లేదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ కాల్షియానికీ మధ్య 4 గంటల ఎడం పాటించకపోతే థైరాయిడ్ మాత్ర పనిచేయదు.

ఎంత కాల్షియం తిన్నా విటమిన్ డి లేకపోతే పేగు దాన్ని తీసుకోదు. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మానికి తాకితేనే అది తయారవుతుంది. ఆ కిరణాలు కిటికీ అద్దంలోంచి రావు. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళ ఎండలో అవి బాగా ఉంటాయని ఒక సులువైన గుర్తు. రక్తంలో 25-హైడ్రాక్సీ విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తగ్గితే లోపంగా చాలామంది వైద్యులు లెక్కిస్తారు. లోపాన్ని పూడ్చడానికి 60,000 యూనిట్ల మాత్ర వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. ఆ వారానికి ఒకటి అన్న మాట మరిచి రోజూ మింగినవారికి, వైద్యుడు ఆపమన్న తరువాత కూడా మంచిదే కదా అని ఏడాది పొడవునా మింగినవారికి రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మూత్రపిండాల దెబ్బ వస్తాయి.

ఎముకలో కొల్లాజెన్ ఉందన్నాం కదా, దానికి మాంసకృత్తులు కావాలి. వయసు మళ్లినవారు తమ బరువులో కిలోకు 1 గ్రాము తక్కువ కాకుండా చూసుకోవాలి. పొగ తాగడం ఎముకను పలుచన చేయడమే కాక విరిగిన ఎముక అతకడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. ఉబ్బసానికో కీళ్లవాతానికో ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌ను రోజుకు 5 మిల్లీగ్రాములు, అంతకు మించి, 3 నెలలకు పైగా వాడవలసి వస్తే ఎముకల రక్షణకు ఏం చేయాలో మొదట్లోనే అడగాలి. భయపడి స్టెరాయిడ్‌ను తమంత తాము హఠాత్తుగా మానేయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

భారం పెట్టడం ఎలా

ఈత, సైకిలు గుండెకు మంచివే గాని ఎముకకు పెద్దగా పని చెప్పవు, ఎందుకంటే నీరో సీటో మన బరువును మోసేస్తుంది. వేగంగా నడవడం, మెట్లెక్కడం, నృత్యం, గెంతడం వంటివి కాలి ఎముకల మీద భారం వేస్తాయి. బరువులెత్తడం, లాగుడు పట్టీలతో చేసే కసరత్తు వారానికి రెండు మూడు రోజులు చేస్తే వెన్నుకు, తుంటికి, మణికట్టుకు పని దొరుకుతుంది. ఒక కాలి మీద నిలబడడం వంటి తూకపు సాధన ఎముకను పెంచదు, పడకుండా కాపాడుతుంది. 65 దాటినవారికి నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. వెన్నుపూసలు ఇప్పటికే గుల్లబారి ఉన్నవారు నడుము నుంచి ముందుకు వంగి పాదాలు అందుకునే ఆసనాలు, వంగి మెలితిరిగే కసరత్తులు మానుకోవాలి. కింది వస్తువు తీయాలంటే మోకాళ్లు మడిచి కూర్చుని తీయాలి.

ఎముకలు గట్టిపడే కాలం ముప్పై ఏళ్లలోపే చాలావరకు ముగుస్తుంది. ఆ తరువాత మనం చేసేది చాలామటుకు ఉన్నదాన్ని నిలుపుకోవడమే. అందువల్ల పిల్లలు గెంతుతూ ఇల్లు పీకి పందిరేస్తున్నారని విసుక్కునే ముందు ఈ సంగతి కొంచెం తలచుకోవాలి.

డెక్సా రిపోర్టు చదవడం

ఎముక సాంద్రతను డెక్సా అనే యంత్రంతో కొలుస్తారు. నొప్పి లేని పరీక్ష, పది ఇరవై నిమిషాల పని, రేడియేషన్ అత్యల్పం. ముందురోజు నుంచి కాల్షియం మాత్ర ఆపాలి. కరగని మాత్ర పొట్టలో ఉంటే నడుము ఎముకతో కలిసి లెక్కలోకి వస్తుంది. రిపోర్టులో రంగుల పటాలు ఎన్ని ఉన్నా మొదట చూడవలసింది టి-స్కోర్. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల సగటును సున్నాగా తీసుకుని మన ఎముక దానికి ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన గీతల ప్రకారం మైనస్ 1, అంతకు పైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, మైనస్ 2.5, అంతకు దిగువన ఉంటే ఆస్టియోపోరోసిస్. 50లోపు పురుషులకు, బహిష్టులు ఆగని స్త్రీలకు టి-స్కోర్ కాక, అదే వయసు వారితో పోల్చే జెడ్-స్కోర్ చూడాలి.

ఆస్టియోపీనియా అన్న మాట చూసి బెంబేలు పడవద్దు. అది జబ్బు పేరు కంటే హెచ్చరిక అనుకోవడం మేలు. మరోవైపు, నడుము భాగంలో అంకె బాగుందని మురిసిపోవడమూ తగదు. అరిగిన వెన్నుపూసల అంచుల్లో పెరిగే ఎముక ముళ్లు ఆ అంకెను లేనిపోని ఎత్తుకు తీసుకుపోతాయి. ముసలివారిలో తుంటి అంకె నమ్మదగినది. మళ్లీ పరీక్ష చేయించినప్పుడు వీలైనంతవరకు అదే యంత్రం మీద చేయిస్తేనే పోలిక నిలుస్తుంది.

మందు మొదలుపెడితే వాడే పద్ధతి మందంత ముఖ్యం. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్‌ను ఉదయం పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పాటు ఏమీ తినకుండా, పడుకోకుండా, నిటారుగా ఉండాలి. కాఫీతో మింగితే ఒంటపట్టదు, మింగి నడుం వాలిస్తే గొంతు గొట్టం పుండవుతుంది. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను వాయిదా వేయడం, చెప్పకుండా మానేయడం ప్రమాదం. ఆపగానే తవ్వే కణాలు ఒక్కసారిగా విజృంభించి వెన్నుపూసలు వరుసగా విరిగిన సందర్భాలున్నాయి. ఈ రకం మందులకు ముందు పంటి పనులు ఏవైనా ఉంటే పూర్తి చేసుకోవడం మంచిది. ఏళ్ల తరబడి వాడుతున్నవారికి తొడలోనో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలైతే వైద్యుడికి చెప్పాలి.

కీళ్లనొప్పి ఎవరిదో పోల్చుకోవడం

కీళ్లనొప్పితో వచ్చినవారిని నేర్పరి వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్న ‘ఎక్కడ నొప్పి’ అని కాదు, ‘పొద్దున్నే లేచాక ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటుంది’ అని. అరగంటలోపే సడలిపోయి, పని చేసే కొద్దీ నొప్పి పెరిగి, విశ్రాంతితో తగ్గితే అది చాలావరకు అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్. మోకాళ్లు, తుంటి, బొటనవేలి మొదలు, వేళ్ల చివరి కణుపులు దీనికి ఇష్టమైన చోట్లు. గంటకు పైగా బిగుసుకుపోయి, రెండు చేతుల్లోనూ పిడికిలి కణుపులు, మధ్య కణుపులు ఒకేలా వాచి, చివరి కణుపులు మాత్రం బాగుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను, అంటే శరీర రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బును, అనుమానించాలి. మొదటిది ఏళ్లు తీసుకుంటుంది. రెండోది నెలల్లోనే కీలును తినేయగలదు కనుక వాపు కనబడిన కొద్ది వారాల్లోనే నిపుణుల దగ్గరికి వెళ్లాలి. దానికి సాధారణంగా మొదట వాడే మెతోట్రెక్సేట్ కూడా వారానికి ఒక్క రోజే. పొరపాటున రోజూ మింగితే మూలుగ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. వారంలో ఏ రోజో నిర్ణయించుకుని, ఆ రోజు పేరు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి.

అరిగిన మోకాలికి తొడ ముందు కండరాల కసరత్తు, బరువు తగ్గడం, ఈ రెండింటికి సాటివచ్చే మాత్ర లేదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ పొంతన ఉండాలని లేదు. బొమ్మ చూసి ఆపరేషన్ నిర్ణయించుకోవద్దు, నడక, నిద్ర ఎంత చెడ్డాయో చూసి నిర్ణయించుకోండి. ఇక వేళ్లు విరుచుకుంటే కీళ్లవాతం వస్తుందని పెద్దలు కసురుతారు. అమెరికాలో డోనాల్డ్ ఉంగర్ అనే వైద్యుడు అరవై ఏళ్లపాటు ఒక చేతి వేళ్లే విరుస్తూ, రెండో చేతిని విడిచిపెట్టి, రెండింటికీ తేడా లేదని చూపించాడు. ఆ శబ్దం కీలులోని ద్రవంలో ఏర్పడే వాయు బుడగలది.

రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి వస్తే అది చాలావరకు గౌట్, అంటే కీలులో యూరిక్ ఆమ్లం పేరుకోవడం వల్ల వచ్చే జబ్బు. దాడి జరుగుతున్న రోజుల్లో రక్తంలో యూరిక్ ఆమ్లం మామూలుగా కనిపించవచ్చు కనుక రెండు మూడు వారాల తరువాత మళ్లీ చూడాలి. ఏ కీలైనా ఒక్కటే వేడెక్కి, వాచి, కదపలేని స్థితిలో ఉండి జ్వరం కూడా ఉంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. కీలులో చీము చేరితే మృదులాస్థి కొన్ని రోజుల్లోనే నాశనమవుతుంది.

నడుము

నడుమునొప్పి రానివారు అరుదు, అందులో అధిక భాగం ఆరు వారాల్లోపే తగ్గిపోతుంది. మంచం మీద కదలకుండా పడుకోవడం మేలు కంటే కీడే చేస్తుంది. నొప్పి ఓర్చుకోగలిగినంతలో తిరుగుతూ ఉండాలి. పిరుదు నుంచి కాలి వెంట పాదం దాకా దిగే సయాటికా నొప్పి కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. తొందరపడి ఎంఆర్ఐ తీయిస్తే నొప్పి లేనివారిలో కూడా కనిపించే డిస్కు ఉబ్బులు బయటపడి, లేని దిగులు తెచ్చిపెడతాయి.

తొందరపడవలసినవి వేరే ఉన్నాయి. మూత్రం బిగబట్టినట్లయి రాకపోవడం, విరేచనం అదుపు తప్పడం, జీనులో కూర్చుంటే తగిలేంత మేర తొడల మధ్య తిమ్మిరెక్కడం, కాళ్లు పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా గంటల్లో ఆసుపత్రి చేరాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే నొప్పి, పూర్వం క్యాన్సర్ వచ్చి ఉండడం వంటివి తోడైతే వెన్నులో క్షయ, ఇతర ఇన్ఫెక్షన్, కణితి లేవని నిర్ధారించుకోవాలి. నలభై లోపు వయసులో మెల్లగా మొదలై, మూడు నెలలు దాటినా పోక, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నడుమునొప్పి యాంకైలోసింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్నెముక కీళ్లు వాచి క్రమంగా బిగుసుకుపోయే జబ్బు, కావచ్చు. పేరు తేలడానికే ఏళ్లు పట్టే జబ్బు కనుక పై లక్షణాన్ని వైద్యుడికి స్పష్టంగా చెప్పడం రోగి చేయగల గొప్ప సాయం.

ఎముక విరిగినప్పుడు

విరిగిన చోటును లాగి సరిచేయబోకండి. ఉన్నదున్నట్లుగా, విరిగిన చోటుకు పై కీలు, కింది కీలు రెండూ కదలకుండా అట్ట ముక్కతోనో కర్రతోనో మెత్త వేసి కట్టాలి. వేళ్ల ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. కట్టకముందు, కట్టిన తరువాత వేళ్లు వెచ్చగా ఉన్నాయా, స్పర్శ తెలుస్తోందా, కదులుతున్నాయా అని చూడాలి. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే లోపలికి నెట్టకుండా శుభ్రమైన గుడ్డ కప్పాలి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే, అక్కడే ఉండడం ప్రమాదకరమైతే తప్ప, మనిషిని కదపకూడదు. వృద్ధులు పడి లేవలేక, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్లే. ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స జరిగితే కోలుకునే అవకాశాలు మెరుగవుతాయి.

పిండికట్టు వేసిన మొదటి రెండు మూడు రోజులు అవయవాన్ని గుండె కంటే ఎత్తులో ఉంచి, వేళ్లు కదుపుతూ ఉండాలి. మాత్రలకు లొంగకుండా పెరుగుతున్న నొప్పి, వేళ్లను మెల్లగా చాచితే ప్రాణం పోయేంత బాధ, తిమ్మిరి, రంగు మారడం, ఇవి కండరాల అరల్లో ఒత్తిడి పెరుగుతోందనడానికి గుర్తులు. ఏ బిగుతు కట్టులోనైనా ఇది జరగవచ్చు. కట్టు వెంటనే విప్పించకపోతే కొన్ని గంటల్లో కండరం చచ్చిపోతుంది.

అరచేయి చాచి పడినప్పుడు బొటనవేలి మొదట్లో ఉండే చిన్న గుంతలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నా నమ్మి ఊరుకోవద్దు. అక్కడి స్కాఫాయిడ్ ఎముకలో పగులు మొదటి రోజు కనబడకపోవచ్చు. దానికి రక్తం చివరి వైపు నుంచి వెనక్కి వస్తుంది కనుక పట్టించుకోకపోతే వెనుక ముక్క రక్తం అందక చనిపోతుంది. కట్టుతోనే ఉంచి పది పద్నాలుగు రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి, లేదా ఎంఆర్ఐ చేయించాలి.

పెద్దవారిలో చేతి ఎముకలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, కాలి ఎముకలు మూడు నాలుగు నెలల్లో అతుకుతాయి. పిల్లలకు ఇంకా తొందరగా అతుకుతాయి. కట్టు విప్పిన రోజున ఎముక అతికి ఉంటుంది గాని కీలు బిగిసి, కండ కరిగి ఉంటుంది. అప్పుడు ఫిజియోథెరపీని వాయిదా వేస్తే ఆ బిగుతు మిగిలిపోతుంది.

ఆ రోజునే అడగవలసిన మరొక ప్రశ్న ఉంది. 50 దాటినవారు నిలుచున్న ఎత్తు నుంచి, అంటే నడుస్తూ జారో, తట్టుకునో పడితే ఎముక విరగకూడదు. విరిగిందంటే ఎముక ముందే గుల్లబారి ఉండవచ్చు, డెక్సా చేయించాలి. మా అమ్మకు 54వ ఏట గడప తట్టుకుని మణికట్టు విరిగింది. కట్టు వేశారు, ఆరు వారాలకు విప్పారు, అతికిందని చెప్పి పంపించారు. అంత చిన్న పాటుకు ఎందుకు విరిగిందని అక్కడ ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. పై అరలోని డబ్బా అందకుండా పోయింది ఆ తరువాత పదమూడేళ్లకు.